రోజువారీ చేతి డబ్బు నుంచి నెల జీతం దాకా: పక్కనుండి దాటించడం ఎలా

ఏ లెక్కల్లోనూ లేకుండా, ఏ రోజు డబ్బు ఆ రోజు చేతికి తీసుకుని పనిచేసే వాళ్లని పేరు నమోదైన ఉద్యోగంలోకి తేవడం మీ పనైనా, తెలిసిన ఒక్క మనిషికి సాయం చేద్దామనుకుంటున్నా, ఇది మీకోసం రాస్తున్నాను. నేను చాలాకాలంగా ఈ పనిలో ఉన్నాను. మొదట్లో, ఉద్యోగం దొరికిందంటే ఇక నా పని అయిపోయినట్టే అనుకునేదాన్ని. పన్నెండేళ్లు ఇళ్లలో పనిచేసిన ఒకామెని ఆఫీసులు శుభ్రం చేసే కంపెనీలో చేర్పించాం. అపాయింట్‌మెంట్ లెటర్ చేత్తో పట్టుకుని ఫొటో కూడా దిగింది. మూడు వారాలు తిరక్కుండానే పాత ఇళ్లకి వెళ్లిపోయింది. ఏమైందమ్మా అని అడిగితే, "జీతం నెలాఖరుకి అన్నారక్కా, పదో రోజుకే చేతిలో పైసా లేదు, రోజూ బస్సుకి ఎక్కడ తేను?" అంది. కంపెనీ ఆమెని మోసం చేయలేదు, ఆమె బద్ధకించనూ లేదు. ఆ నెల రోజులు ఇల్లెలా గడుస్తుందో నేను అడగలేదు, అంతే. అప్పటినుంచి ఎవరికి సాయం చేసినా మూడో పే స్లిప్ చేతికొచ్చేదాకా నేను ఫైలు మూయను, మీరూ మూయకండి.

ఇదేదో కొద్దిమంది సంగతి అనుకోకండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో వేసిన లెక్కలో ప్రపంచంలో పనిచేసే వాళ్లలో 61 శాతం, అంటే దాదాపు 200 కోట్ల మంది, ఇలాంటి పనుల్లోనే ఉన్నారు. అదే సంస్థ 2015లో 204వ సిఫారసు తెచ్చింది. మనుషుల్ని నమోదైన పనిలోకి తేవాలి, ఆ తెచ్చే క్రమంలో వాళ్ల రాబడికీ బతుకుతెరువుకీ భద్రత ఉండాలి అన్నది దాని సారాంశం. ఆ రెండో సగాన్నే చాలామంది మర్చిపోతారు.

ముందు భయం ఏంటో వినండి

మొదటి రోజే దరఖాస్తు ఫారం తీయకండి. చట్టం ఏం చెబుతుందో, పెన్షన్ ఎంత వస్తుందో అప్పుడే చెప్పడం మొదలుపెట్టకండి. "ఇప్పుడున్న పనిలో మీకు నచ్చేదేంటి?" అని అడగండి. వింతగా అనిపించొచ్చు కానీ అసలు విషయం ఈ ప్రశ్నకే బయటపడుతుంది. ఒకరు పిల్లాడికి ఒంట్లో బాగోకపోతే చెప్పకుండా మానేయొచ్చు అంటారు. ఇంకొకరు ఓనర్ అర్ధరాత్రి ఫోన్ చేసినా అప్పిస్తాడు అంటారు. ఈ రెండోది చిన్న విషయం కాదు. చాలామందికి ఆ ఓనరే బ్యాంకు, ఆయనే ఇన్సూరెన్సు. ఆయన్ని వదిలి రమ్మంటున్నామంటే ఆపదలో చెయ్యి చాచే ఒక్క చోటునీ వదిలేయమంటున్నట్టే, కాబట్టి దాని బదులు ఏముందో మన దగ్గర జవాబు ఉండాలి.

తర్వాత భయాలు ఒక్కొక్కటే వస్తాయి. జీతం బ్యాంకులో పడితే అప్పులవాళ్లు పట్టుకుపోతారేమో, ఉద్యోగం కనబడితే ఇప్పుడొచ్చే ప్రభుత్వ సాయం ఆగిపోతుందేమో, ఇన్నేళ్లూ పన్ను కట్టలేదని ఇప్పుడు నోటీసు వస్తుందేమో. "అలాంటిదేం ఉండదులే" అని ఓదార్చకండి. కొన్ని చోట్ల నిజంగానే ఉంటుంది. ప్రభుత్వ సాయం సంగతైతే, ఎంత రాబడి దాటితే ఎంత తగ్గుతుందో ఆ పథకం నిబంధనలు తెరిచి చదవండి, ఒక్కసారే ఆగిపోతుందో మెల్లగా తగ్గుతుందో చూడండి, ఆ అంకె కాగితం మీద రాసివ్వండి. పాత పన్ను సంగతి మాత్రం మీ అంతట మీరు తేల్చొద్దు. ఏ కాగితం ఎక్కడా ఇవ్వకముందే పన్ను నిపుణుడితో ఒకసారి మాట్లాడించండి. తనంతట తను ముందుకొచ్చి చెప్పిన వాళ్లకి జరిమానా తగ్గించే పద్ధతి చాలా దేశాల్లో ఉంది, కానీ అదెలా అడగాలో తెలిసినవాళ్లే అడగాలి.

మనిషి వేరే దేశంలో పనిచేస్తూ, అక్కడ పనిచేసే అనుమతి లేదా వీసా విషయంలో ఏ కాస్త అనుమానం ఉన్నా అక్కడే ఆగిపోండి. ఉచితంగా న్యాయ సలహా ఇచ్చే లాయరు దగ్గరికి తీసుకెళ్లండి. మంచి మనసుతో మనం నింపిన ఒక్క ఫారం వల్ల ఆ మనిషి దేశం వదలాల్సి రావొచ్చు.

ఇంకో మాట. విన్నది మీ దగ్గరే ఉండాలి. పాత ఓనర్ పేరు అవసరం పడేదాకా రాసుకోకండి, గుర్తింపు కార్డుల ఫొటోలు మీ ఫోన్లో పెట్టుకోకండి, పేర్లతో గ్రూపుల్లో మెసేజీలు పెట్టకండి. ఫిర్యాదు చేసిన వాళ్ల పేరు లేబర్ ఇన్‌స్పెక్టర్ బయట పెట్టకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1947లో తెచ్చిన 81వ ఒప్పందంలోనే ఉంది. ఇన్‌స్పెక్టర్‌కే అంత కట్టడి ఉంటే మనకీ ఉండాలి కదా.

రెండు లెక్కలూ పక్కపక్కన వేయండి

"చేతికి తక్కువ వస్తుంది" అన్న మాట మీరు తప్పకుండా వింటారు. వాదించకండి, ఒక కాగితం తీసి మధ్యలో గీత గీయండి. ఎడమవైపు ఇప్పటి లెక్క. రోజుకు 100 చొప్పున వస్తుందనుకుందాం. నెలకు ఎన్ని రోజులు అంటే వెంటనే 25 అంటారు. "పోయిన నెల ఏ రోజు ఎక్కడ పనిచేశారు, గుర్తు చేసుకోండి" అని క్యాలెండర్ ముందు పెట్టండి. వాన పడ్డ రోజులు, జ్వరం వచ్చిన రోజులు, పిలిచి వద్దన్న రోజులు తీసేస్తే 19 తేలుతుంది. అంటే 1,900. కుడివైపు కొత్త ఉద్యోగం. జీతం 2,200 అనుకుంటే కోతలు పోను 1,950 చేతికి. ఇక్కడ ఆగి సంబరపడొద్దు, ప్రయాణం ఖర్చు, పిల్లల్ని చూసుకునే మనిషికిచ్చేది, యూనిఫాం, అన్నీ తీసేయండి. ఒక్కోసారి కొత్తదే తక్కువ తేలుతుంది. అలాంటప్పుడు తక్కువే అని ఒప్పుకోండి, ఆ పక్కనే జబ్బు సెలవు జీతం, ప్రమాదం జరిగితే వచ్చే పరిహారం, పెన్షన్‌లో ఓనర్ కట్టే వాటా రాసి పెట్టండి. నిర్ణయం వాళ్లది. లెక్క పెంచి చెప్పి ఒప్పించిన మనిషి మొదటి జీతం చూడగానే మిమ్మల్నీ ఉద్యోగాన్నీ రెంటినీ వదిలేస్తారు.

గతం కాగితం మీదకి రావాలి

ఇరవై ఏళ్లు పనిచేసి కూడా "నాకు ఎక్స్‌పీరియన్స్ లేదు" అనేవాళ్లు ఉంటారు. కాగితం లేకపోతే అనుభవం లేదని వాళ్లకి వాళ్లే నమ్మేస్తారు. నాకది వింటే చాలా బాధ.

ఒక పెయింటర్ పెద్దాయన నా దగ్గరికొచ్చి చూపించడానికి ఏమీ లేదన్నారు. జేబులోంచి కళ్లజోడు తీస్తుంటే దానితోపాటు ఒక చిన్న నోటుపుస్తకం వచ్చింది, అట్ట మీద రంగు చుక్కలు, మూలలు నలిగిపోయి ఉన్నాయి. అదేంటని అడిగితే రంగుల లెక్క అన్నారు. తెరిచి చూస్తే పేజీకో ఇల్లు. తేదీ, గోడల కొలత, ఎన్ని డబ్బాలు పట్టింది, ఎన్ని కోటింగులు, కిటికీలు ఆరు, తలుపులు నాలుగు, ఒక మూల "చెమ్మ ఉంది, ముందు ఆరబెట్టాలి" అని. ఆ పుస్తకం నుంచే ఆయన బయోడేటా రాశాం. గోడ చూసి ఎంత రంగు పడుతుందో లెక్క కట్టగలరు, చెమ్మ పట్టిన గోడని బాగుచేయగలరు, ఇద్దరు కుర్రాళ్లకి పని పురమాయించి చేయించగలరు. అన్నీ నిజాలే, ప్రతిదానికీ పేజీ ఉంది.

మీరు కూడా ఇలాంటివి వెతకాలి. ఫోన్లో తేదీతో ఉన్న పని ఫొటోలు, "రేపు ఎనిమిదింటికి రా" లాంటి మెసేజీలు, ఎప్పుడో ఒకసారి అకౌంట్లో పడ్డ డబ్బు, పనిచేయించుకున్న వాళ్లు రాసిచ్చే నాలుగు లైన్లు. ఏమీ లేకపోతే ఇవాళ్టి నుంచే ఒక పుస్తకం పెట్టించండి, తేదీ, చోటు, మొదలైన టైము, ముగిసిన టైము, చేతికొచ్చింది. రాయడం రాకపోతే రోజూ సాయంత్రం ఫోన్లో వాయిస్ రికార్డు చేయమనండి. రేపు జీతం బాకీ గురించి గొడవైనా ఇదే అక్కరకొస్తుంది.

బయోడేటాలో లేని కంపెనీ పేరు పెట్టకండి. ఎంత ఆశగా అడిగినా పెట్టకండి, వెరిఫికేషన్‌లో పట్టుబడితే ఆ మనిషికి ఆ దారి మూసుకుపోతుంది. ఏ పని, ఎన్నేళ్లు, ఎలాంటి చోట్ల అన్నది రాస్తే చాలు. ఇంటర్వ్యూలో "ఇంతకుముందు ఎక్కడ చేశారు?" అనగానే చాలామంది తల దించేసుకుంటారు, కాబట్టి ఆ జవాబు ముందే నోటికి రావాలి: "ఇళ్లలో నేరుగా మాట్లాడుకుని పదేళ్లు చేశానండి. ఇప్పుడు స్థిరంగా ఒకచోట చేయాలనుకుంటున్నాను." ఈ రెండు వాక్యాలు మీరు ఎదురుగా కూర్చుని పదిసార్లు చెప్పించండి, పదకొండోసారికి తల ఎత్తి చెబుతారు.

ఇప్పుడున్న ఓనర్‌నే అడగొచ్చా?

అడగొచ్చు, కొన్నిసార్లు అదే దగ్గరి దారి. కానీ "వద్దు, రేపట్నుంచి రాకు" అంటే ఏం చేయాలో ముందే తేల్చుకుని అడగాలి. మనిషి తనే అడగాలి, మీరు వెనక ఉండాలి. మీరు వెళ్లి చట్టం మాట్లాడితే ఓనర్‌కి కోపం వచ్చేది ఆ మనిషి మీద.

చాలామంది ఓనర్లు, ముఖ్యంగా ఇళ్లలో పని చేయించుకునేవాళ్లు, నమోదు చేయడం పెద్ద తలనొప్పి అనుకునే వదిలేస్తారు. అందుకే కొన్ని దేశాలు ఆ పని తేలిక చేశాయి. ఫ్రాన్స్‌లో 2006 నుంచి సెసు అనే పద్ధతి ఉంది, ఇంటి యజమాని ఎన్ని గంటలు, ఎంత జీతం అన్నది చెబితే చాలు, కట్టాల్సిన సామాజిక భద్రత చందాల (పెన్షన్, జబ్బు సెలవు లాంటి వాటికి కట్టే వాటాల) లెక్కా పే స్లిప్పూ ప్రభుత్వ సంస్థే తయారుచేస్తుంది. బెల్జియంలో 2004 నుంచి వోచర్ల పద్ధతి నడుస్తోంది. ఇంటివాళ్లు గంటకో వోచర్ కొనుక్కుంటారు, పనిచేసే మనిషి మాత్రం గుర్తింపు ఉన్న ఒక కంపెనీలో ఉద్యోగిగా ఉంటారు, ఖర్చులో కొంత ప్రభుత్వం భరిస్తుంది. మీరున్న చోట ఇలాంటిది ఉందేమో ముందు వెతకండి. ఉంటే ఆ ఫారం మీరే నింపి, సంతకం ఒక్కటి మిగిల్చి, మనిషి చేతికిచ్చి పంపండి. "నన్ను నమోదు చేయండి" అనడం కన్నా "ఇక్కడ ఒక సంతకం పెడితే చాలట అమ్మగారూ" అనడం వాళ్లకీ తేలిక, ఇంటావిడకీ తేలిక.

ఓనరే లేకుండా నలుగురైదుగురికి సొంతంగా పనిచేసే వాళ్లైతే చిన్న వ్యాపారిగా నమోదు కావడం మేలు. బ్రెజిల్ 2009 నుంచి అలాంటి వాళ్లకోసం ఒక పద్ధతి నడుపుతోంది, నెలకో చిన్న మొత్తం కడితే పన్నూ సామాజిక భద్రత చందా రెండూ అందులోనే అయిపోతాయి. కానీ ఇక్కడ ఒక మోసం ఉంది, జాగ్రత్తగా చూడండి. కొందరు ఓనర్లు "నువ్వు సొంతంగా రిజిస్టర్ చేసుకుని బిల్లు ఇవ్వు, నేను కడతాను" అంటారు. పని టైము వాళ్లే చెబుతారు, పనిముట్లు వాళ్లవే, వేరే చోట చేయనివ్వరు, డబ్బు నెలనెలా ఇస్తారు. దాన్ని వ్యాపారం అనరు, ఉద్యోగమే. కాగితం మీద పేరేదైనా, పని నిజంగా ఎలా జరుగుతోందో దాన్నిబట్టే ఉద్యోగమా కాదా తేల్చాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో 198వ సిఫారసులో చెప్పింది. పైన నేను చెప్పిన గుర్తుల్లో చాలావరకు అందులో ఉన్నవే.

కవరు జీతం

దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే దాటేశాం అనుకున్న మనుషులు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. ఉద్యోగం ఉంటుంది, పే స్లిప్ ఉంటుంది, స్లిప్ మీద మాత్రం చట్టం చెప్పిన కనీస జీతమే ఉంటుంది, మిగతాది కవర్లో పెట్టి చేతికిస్తారు. "నీకే లాభం, కోతలు తక్కువ" అంటారు. నిజమే, ఆ నెలకి లాభంలాగే కనిపిస్తుంది. కానీ జబ్బు చేస్తే వచ్చే జీతం స్లిప్ మీది అంకె మీదే లెక్కేస్తారు. చెయ్యి విరిగితే పరిహారం దాని మీదే, ప్రసూతి సెలవు దాని మీదే, పెన్షన్ దాని మీదే, బ్యాంకు లోను ఇచ్చేది దాన్ని చూసే. మనిషిని తీసేసినప్పుడు రావాల్సిన బాకీ లెక్కలో కూడా కవరు ఉండదు, అదుందని రుజువు చేయాల్సింది మన మనిషే.

ఉద్యోగం మాట్లాడుకునేటప్పుడే ఒక్క ప్రశ్న అడగమనండి: "ఈ మొత్తం అంతా స్లిప్‌లో వస్తుందాండీ?" నవ్వేసి మాట మార్చారంటే రాదనే అర్థం. అప్పటికే కవరు తీసుకుంటుంటే నోటుపుస్తకంలో తేదీ, మొత్తం రాయడం ఆపొద్దు.

కాగితాలు, సంతకం

దీనికి ఒక పూట చాలు, కానీ చేరడానికి రెండు వారాల ముందే కూర్చోండి. గుర్తింపు కార్డు, బ్యాంకు పుస్తకం, ఫోన్ నంబరు ఎవరి పేరు మీద ఉందో, అన్నీ ఒక టేబుల్ మీద వరసగా పెట్టి పేరులోని ఒక్కో అక్షరం వేలు పెట్టి సరిచూడండి. ఒకచోట ఇంటి పేరు ముందుంటుంది, ఇంకోచోట పొడి అక్షరమే ఉంటుంది, మరోచోట పుట్టిన సంవత్సరం తేడా. ఇంత చిన్న తేడాకి కూడా మొదటి జీతం వెనక్కి పోయిన రోజులు చూశాను. బ్యాంకు అకౌంట్ వాళ్ల సొంత పేరు మీదే ఉండాలి, బావమరిది అకౌంటో మేస్త్రీ అకౌంటో ఒప్పుకోకండి.

ఉద్యోగం ఇప్పిస్తామని ఏజెన్సీ డబ్బడిగితే లేచి వచ్చేయమనండి. కార్మికుల దగ్గర నేరుగా గానీ చాటుగా గానీ ఫీజు తీసుకోకూడదన్నది అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997 నాటి 181వ ఒప్పందంలో పెట్టిన నియమం. కొన్ని పనులకి మినహాయింపులున్నాయి, కానీ డబ్బడగడమే ఆగి ఆలోచించాల్సిన గుర్తు.

ఉద్యోగ ఒప్పందం కాగితం పైకి చదివి వినిపించండి, చదువొచ్చిన వాళ్లకి కూడా. జీతం ఎంత, ఏ తేదీకి, పని గంటలెన్ని, ఎక్కువ గంటలకి ఎంత, వారం సెలవు ఎప్పుడు, మానేయాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలి, వేరే పని చేయకూడదన్న షరతు ఉందా. ఒక కాపీ మనిషి దగ్గర ఉండాలి. ఒరిజినల్ గుర్తింపు కార్డు "మా దగ్గర ఉంచండి" అంటే ఇవ్వొద్దు, జిరాక్స్ ఇస్తే చాలు.

మొదటి తొంభై రోజులు

ఇక అసలు పని ఇక్కడుంది. రోజూ డబ్బు చూసిన ఇంటికి ఒక్కసారిగా ముప్ఫై రోజులు, ఒక్కోసారి నలభై ఐదు రోజులు డబ్బు రాదు. చేరే తేదీ ఖాయం కాకముందే వాళ్లతో కూర్చుని ఆ రోజుల్లో తప్పని ఖర్చులు రాయండి. జీతం లెక్క ఏ తేదీకి ముగుస్తుందో అడిగి తెలుసుకోండి, ఆ తేదీ దాటిన మర్నాడు చేరితే మొదటి జీతానికి ఇంకా ఎక్కువ రోజులు ఆగాలి, కొద్ది రోజుల ముందు చేరితే కొంతైనా ముందే చేతికొస్తుంది. మొదటి రెండు నెలలు సగం జీతం పదిహేనో తారీఖున ఇవ్వగలరా అని కంపెనీని అడగండి. చాలామంది అడగరు కాబట్టి ఇవ్వరు, అడిగితే కొందరు ఒప్పుకుంటారు. ఒప్పుకుంటే రాతలో తీసుకోండి. బస్సు పాసు, బూట్లు లాంటి వాటికి మీ సంస్థ దగ్గర చిన్న నిధి ఉంటే, అది ఖర్చుపెట్టాల్సిన చోటు ఇదే. వడ్డీకి తెచ్చుకోనివ్వకండి, ఆ వడ్డీ తీర్చడానికే మళ్లీ రోజు కూలీకి పోతారు.

మూడో రోజు ఫోన్ చేయండి, పదో రోజు చేయండి, పదో రోజు మాత్రం మర్చిపోవద్దు. "ఎలా ఉంది?" అంటే "బాగుంది" అనే అంటారు. "రేపు పనికి వెళ్లడానికి డబ్బులున్నాయా?" అని అడగండి.

మొదటి స్లిప్ రాగానే కలిసి కూర్చుని చదవండి. పైన మొత్తం జీతం, కింద కోతలు, చివర చేతికొచ్చేది. ఏ కోత దేనికో పేరు పెట్టి చెప్పించుకోండి, పేరులేని కోత ఉంటే జీతాలు చూసే వాళ్లని అడగమనండి. రెండో నెల ఇంకో పని ఉంది. కోసినంత మాత్రాన కట్టినట్టు కాదు. జీతంలోంచి చందా కోసి, సామాజిక భద్రత నిధికి కట్టకుండా ఉంచుకునేవాళ్లు ఉన్నారు. ఆ నిధి వెబ్‌సైట్లోనో ఆఫీసులోనో మనిషి పేరు మీద నిజంగా జమ అయిందా లేదా చూడండి, ఎలా చూసుకోవాలో వాళ్ల ఫోన్లోనే వాళ్ల చేతే చేయించండి.

మొదట చెప్పానే, మూడు వారాలకే వెనక్కి పోయినావిడ, నాలుగు నెలల తర్వాత మళ్లీ వచ్చింది. ఈసారి ముందు ఆ నెల లెక్కే వేశాం. వేరే కంపెనీ, పదిహేనో తారీఖున సగం జీతం, బస్సు పాసు మేం కొనిచ్చాం. మూడో స్లిప్ తెచ్చిన రోజు నేను చదవబోతే "ఉండక్కా" అని తనే తీసుకుంది. వేలు పెట్టి ఒక్కో లైనూ చదువుతూ వచ్చి, ఓవర్‌టైమ్ దగ్గర ఆగింది. తన నోటుపుస్తకం తీసి చూస్తే నాలుగు గంటలు తక్కువ వేశారు. నేను ఫోన్ చేయనా అన్నాను. "వద్దు, నేనే అడుగుతాను" అంది. మర్నాడు స్లిప్పూ పుస్తకమూ రెండూ పట్టుకెళ్లి సూపర్‌వైజర్ టేబుల్ మీద పెట్టిందట. తర్వాతి నెల జీతంలో ఆ నాలుగు గంటలూ కలిపారు.